కాన్పు గదిలో పాటలు వినొచ్చా? ప్రభుత్వ ఆసుపత్రిలో ఎవరిని అడగాలి? ఏ పాటలు సిద్ధం చేసుకోవాలి?

నెలలు నిండుతున్నాయంటే ఆసుపత్రి సంచి సర్దుకోవడం మొదలవుతుంది. మెత్తటి పాత చీరలు, బిడ్డకు బట్టలు, ఎంసీపీ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, ఆధార్. ఈ జాబితాలో ఇప్పుడు ఇంకొకటి కూడా చేరుతోంది. అది ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసుకున్న పాటలు.

నొప్పులు పడుతున్నప్పుడు పాటలు వింటే నిజంగా ఉపశమనం ఉంటుందా? లేబర్ రూమ్‌లోకి ఫోన్ తీసుకెళ్లనిస్తారా? పక్కన అమ్మో అత్తో ఉండొచ్చా? సిజేరియన్ అయితే ఎలా? గర్భిణులు, వారి కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు ఇవీ.

పాట వింటే నొప్పి తగ్గుతుందా?

మత్తుమందులా నొప్పిని తీసేయదు. తట్టుకోవడానికి సాయం చేస్తుంది. ఈ తేడా ముందే తెలిసి ఉంటే తర్వాత నిరాశ ఉండదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో కాన్పు సమయంలో అందించాల్సిన సంరక్షణపై 56 సిఫార్సులు విడుదల చేసింది. నొప్పి నుంచి ఉపశమనం కోరే ఆరోగ్యవంతులైన గర్భిణులకు శ్వాస మీద ధ్యాస పెట్టడం, కండరాలను వదులు చేయడం, సంగీతం వినడం వంటి పద్ధతులను అందులో సూచించింది. అయితే దానికో షరతు ఉంది. అది ఆ మహిళ ఇష్టాన్ని బట్టి జరగాలి. ఎపిడ్యూరల్ వంటి మందులు కోరుకునేవారికి వాటినీ అదే పత్రం సిఫార్సు చేసింది. అంటే పాట ఎంచుకున్నంత మాత్రాన మందు వద్దన్నట్టు కాదు.

పాటల మీద జరిగిన అధ్యయనాలు ఎక్కువగా చిన్నవి. వైద్య పరిశోధనలను వడపోసే కోక్రేన్ సంస్థ 2018 సమీక్షలోనూ ఈ ఆధారాలు అంత బలమైనవి కావనే తేల్చారు. కానీ పెద్దగా ఖర్చు లేనిది, హాని లేనిది కాబట్టి నచ్చినవారు ప్రయత్నించడంలో తప్పు లేదు.

పాట ఎలా పనిచేస్తుంది?

నొప్పి సంకేతం మెదడుకు చేరే దారిలో తగ్గవచ్చు, పెరగవచ్చు. మన ధ్యాస, భయం, మానసిక స్థితి దాని మీద ప్రభావం చూపుతాయి. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతం ఈ ఆలోచనకు పునాది వేసింది. భయపడితే ఒళ్లు బిగుసుకుంటుంది. బిగుసుకుంటే నొప్పి ఇంకా ఎక్కువగా తెలుస్తుంది. తెలిసిన పాట వినిపిస్తే ధ్యాస కొంత అటు మళ్లుతుంది. నెమ్మదైన లయకు ఊపిరి కూడా నెమ్మదిస్తుంది. కొత్త చోట, కొత్త ముఖాల మధ్య ఒక పరిచయమైన గొంతు వినిపించడమే కొందరికి ధైర్యం.

ఇది మనకు కొత్తేమీ కాదు. తెలుగునాట సీమంతం పాటలు, లాలి పాటలు, మంగళహారతులు తరతరాలుగా ఆడవాళ్లు పాడుకుంటున్నవే. స్త్రీల రామాయణ పాటల్లో కౌసల్య వేవిళ్ల మీద, ఆమె పురిటి నొప్పుల మీద కూడా పాటలున్నాయి. కాన్పు ఇంటి నుంచి ఆసుపత్రికి మారింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఈ మార్పు ఎన్నో ప్రాణాలను కాపాడింది. కానీ ఇంట్లో చుట్టూ ఉండే అమ్మ, పెద్దమ్మ, పిన్ని లేబర్ రూమ్ తలుపు బయటే ఆగిపోయారు. పాటల గురించి అడగడానికి ముందు తోడు గురించి అడగమనేది అందుకే.

పక్కన ఒకరు ఉండొచ్చా? నిబంధన ఏంటి?

ఉండొచ్చు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో తోడుగా ఒకరిని అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఫిబ్రవరిలో నిర్ణయించింది. దీన్నే ‘బర్త్ కంపానియన్’ అంటారు. మార్గదర్శకాల్లోని ముఖ్యాంశాలు ఇవీ.

• తోడు వచ్చేది బంధువైన మహిళ అయి ఉండాలి. ఇదివరకు కాన్పు అయినవారైతే మంచిది.
• లేబర్ రూమ్‌లో ఇతర మహిళల గోప్యతకు ఇబ్బంది లేకుండా ఏర్పాట్లు ఉంటే భర్తను కూడా అనుమతించవచ్చు.
• వచ్చేవారికి అంటువ్యాధులు ఉండకూడదు. శుభ్రమైన బట్టలు వేసుకోవాలి.
• కాన్పు అయ్యేదాకా ఆమె పక్కనే ఉండగలగాలి.
• సిబ్బంది పనిలో జోక్యం చేసుకోకూడదు. గదిలోని ఇతర గర్భిణుల దగ్గరికి వెళ్లకూడదు.

2017 డిసెంబర్‌లో మొదలైన ‘లక్ష్య’ కార్యక్రమం కింద లేబర్ రూమ్‌ల నాణ్యతను మెరుగుపరుస్తున్నారు. బల్లల మధ్య తెరలు, గర్భిణితో మర్యాదగా మాట్లాడటం, తోడును అనుమతించడం అందులో భాగమే. 2019 అక్టోబర్‌లో వచ్చిన ‘సుమన్’ పథకం కూడా గౌరవంతో కూడిన ఉచిత సేవలను, సేవ నిరాకరించకూడదన్న హామీని ఇస్తోంది.

తోడు వల్ల కలిగే మేలుకు ఉన్న ఆధారాలు పాటలకు ఉన్నవాటి కంటే చాలా బలమైనవి. 17 దేశాల్లో 15,000 మందికి పైగా మహిళలపై జరిగిన 26 అధ్యయనాలను 2017లో కోక్రేన్ సమీక్షించింది. కాన్పు సాగినంతసేపూ పక్కన ఒకరు ఉన్నవారిలో సహజ కాన్పులు పెరిగాయని, నొప్పులు పడే సమయం కొంత తగ్గిందని, సిజేరియన్లు తగ్గాయని అందులో తేలింది. కాబట్టి రెండింటిలో ఒకటే అడిగే అవకాశం ఉంటే తోడునే అడగండి.

మరి ఫోన్, పాటల సంగతి?

తోడు విషయంలో కేంద్రం మార్గదర్శకాలు ఉన్నాయి. ఫోన్, పాటల విషయంలో నిర్ణయం ఆసుపత్రిది, ఆ సమయంలో డ్యూటీలో ఉన్న డాక్టర్, స్టాఫ్ నర్సులది. ఒకే గదిలో ముగ్గురు నలుగురు నొప్పులు పడుతుంటే స్పీకర్‌లో పాట పెట్టనివ్వరు. పెట్టకూడదు కూడా. ఇయర్‌ఫోన్‌కు మాత్రం ముందే మాట్లాడుకుంటే ఒప్పుకొనే అవకాశం ఎక్కువ.

సిబ్బంది ఫోన్ వద్దనడానికి ప్రధాన కారణం పాట కాదు. ఫొటోలు, వీడియోలు, వీడియో కాల్స్. పక్క బల్ల మీద ఉన్న మహిళ కెమెరాలో పడితే అది ఆమె గోప్యతకు భంగం. ‘పాటలకే వాడతాం, కెమెరా తెరవం, ఫ్లైట్ మోడ్‌లో పెడతాం’ అని ముందుగానే చెబితే అభ్యంతరాలు చాలావరకు తగ్గుతాయి. ఆ మాట మీద నిలబడాలి కూడా.

ఎప్పుడు, ఎవరిని అడగాలి?

నొప్పులతో వెళ్లిన రాత్రి అడిగితే ఎవరికీ వినే తీరిక ఉండదు. ఏడో నెల దాటిన తర్వాత చెకప్‌కు వెళ్లినప్పుడే అడగండి. ప్రతి నెలా 9న ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు. ఆ రోజు డాక్టర్‌ను నేరుగా అడగొచ్చు. రద్దీ ఎక్కువగా ఉంటే లేబర్ రూమ్ ఇన్‌చార్జి నర్సును కలవండి. మీ ఆశా కార్యకర్తకు కూడా ముందే చెప్పి ఉంచండి.

అడగాల్సిన ప్రశ్నలు ఇవీ.

• కాన్పు సమయంలో నా పక్కన ఎవరు ఉండొచ్చు? ముందుగా పేరు రాయించుకోవాలా?
• ఫోన్, ఇయర్‌ఫోన్స్ తెచ్చుకోవచ్చా? ఎంతవరకు?
• ఒకరికే ప్రత్యేక గది ఉంటే చిన్న స్పీకర్ పెట్టుకోవచ్చా?
• నొప్పులు వస్తున్నప్పుడు నడవనిస్తారా? కూర్చోనిస్తారా?
• సిజేరియన్ చేయాల్సి వస్తే పాటలకు అనుమతి ఉంటుందా?
• నొప్పి తగ్గించే మందులు ఏవి అందుబాటులో ఉన్నాయి?

ప్రైవేటు ఆసుపత్రిలో వీటితో పాటు ప్రత్యేక గదికి అదనపు ఛార్జీ ఉందేమో కూడా అడగాలి. జవాబులను ఒక కాగితం మీద రాసి ఎంసీపీ కార్డుకు జత చేసుకోండి. డ్యూటీ మారినప్పుడు కొత్తగా వచ్చిన నర్సుకు మళ్లీ మొదటి నుంచి చెప్పే పని తప్పుతుంది. ‘పక్కన మా అమ్మ ఉంటుంది. ఇయర్‌ఫోన్‌లో పాటలు వింటాను. మీరు పిలిస్తే వెంటనే తీసేస్తాను. నొప్పి భరించలేకపోతే మందు అడుగుతాను’ అని నాలుగు వాక్యాలు రాసుకుంటే చాలు.

ఎలాంటి పాటలు ఎంచుకోవాలి?

కాన్పుకంటూ ప్రత్యేకమైన రాగం గానీ, ఫలానా పాటే వినాలన్న నియమం గానీ లేవు. మీకు నచ్చి, మీకు బాగా తెలిసిన పాట కావడం ముఖ్యం. అత్తగారికి ఇష్టమైన భక్తి పాటలు, భర్తకు ఇష్టమైన సినిమా హిట్లు కాదు. నొప్పులు పడేది మీరు, పాట ఎంపిక కూడా మీదే.

నెమ్మదైనవి: నిమిషానికి 60 నుంచి 80 దెబ్బల లయ ఉన్న సంగీతం ప్రశాంతంగా అనిపిస్తుంది. చేతి గడియారం సెకన్ల ముల్లు చూస్తూ తాళం వేసి చూస్తే తెలిసిపోతుంది. సెకనుకు ఒక దెబ్బ, లేదా అంతకంటే కొంచెం వేగం.

మాటలు లేనివి: నొప్పి పెరిగినప్పుడు పదాలు చికాకు పెట్టవచ్చు. వేణువు, వీణ, మాండలిన్ వంటి వాద్య సంగీతం అప్పుడు హాయిగా ఉంటుంది. కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వీణ, పాలకొల్లులో పుట్టిన యు.శ్రీనివాస్ మాండలిన్, హరిప్రసాద్ చౌరాసియా వేణువు రికార్డింగులు తేలిగ్గా దొరుకుతాయి.

జోల రాగాలు: కర్ణాటక సంగీతంలో జోల పాటలకు నీలాంబరి రాగాన్ని ఎక్కువగా వాడతారు. వింటూ పెరిగినవారికి అది నచ్చవచ్చు. శాస్త్రీయ సంగీతం అలవాటు లేనివారు పనిగట్టుకుని వినక్కర్లేదు.

హుషారైనవి: నడుస్తున్నప్పుడు, నీరసం వచ్చినప్పుడు జానపదమో, మీరు కాలేజీ రోజుల్లో విన్న సినిమా పాటో ఊపు తెస్తుంది. వాటికీ చోటివ్వండి.

పక్కన పెట్టాల్సినవి: చేదు జ్ఞాపకాలతో ముడిపడినవి, హఠాత్తుగా శబ్దం పెరిగేవి, ఎడబాటు పాటలు. భక్తి పాటలు విన్నా కంగారు పెరుగుతుంటే వాటిని కూడా ఆపేయొచ్చు. అందులో తప్పేమీ లేదు.

ఏ దశలో ఏవి?

తొలి కాన్పు చాలాసేపు సాగుతుంది. నొప్పులు మొదలైనప్పటి నుంచి గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకునే దాకా ఎంతసేపు పడుతుందనేది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. 5 సెంటీమీటర్ల నుంచి పూర్తిగా తెరుచుకునే దశ తొలి కాన్పులో సాధారణంగా 12 గంటలు, తర్వాతి కాన్పుల్లో 10 గంటలు దాటదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి ఒక్క గంట పాటలు చాలవు. అవే మళ్లీ మళ్లీ వస్తే విసుగొస్తుంది. మూడు జాబితాలు చేసుకోండి.

1. తొలి దశకు: నొప్పులు అరుదుగా వస్తూ, మాట్లాడగలిగే స్థితిలో ఉన్నప్పుడు. నడవడానికి, నవ్వుకోవడానికి తగిన పాటలు.
2. నొప్పులు దగ్గరపడ్డాక: నెమ్మదైన వాద్య సంగీతం. ఊపిరి తీసుకుని వదలడానికి ఆ లయ తోడవుతుంది.
3. బిడ్డ పుట్టాక: మీకు ఇష్టమైన జోల పాటలు, చాలా తక్కువ శబ్దంలో.

బిడ్డను బయటికి నెట్టే సమయంలో చాలామందికి ఏ పాటా వినిపించదు. అప్పుడు డాక్టర్, నర్సు చెప్పే మాటే వినాలి. ఆ దశ రాగానే ఇయర్‌ఫోన్ తీసేయడం మంచిది.

ఫోన్‌ను ఇలా సిద్ధం చేసుకోండి

• పాటలను ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి. లోపలి గదుల్లో సిగ్నల్ అందకపోవచ్చు. ఉచిత యాప్‌లలో పాట మధ్యలో వచ్చే ప్రకటన ఆ సమయంలో ఎంత చిరాకు పుట్టిస్తుందో చెప్పక్కర్లేదు.
• నాలుగు నిమిషాల పాటలు 75 ఉంటే ఐదు గంటలు వస్తాయి. సాధారణ నాణ్యతలో సుమారు 300 ఎంబీ స్థలం చాలు.
• తోడు వచ్చేవారి ఫోన్‌లోనూ అవే పాటలు పెట్టండి.
• వైర్ ఉన్న ఇయర్‌ఫోన్స్ కూడా ఒకటి ఉంచుకోండి. బ్లూటూత్‌వి ఛార్జింగ్ అయిపోతాయి, చెవి నుంచి జారిపోతాయి.
• ఒక చెవికే పెట్టుకోండి. రెండో చెవితో సిబ్బంది మాటలు వినాలి.
• పక్కవారు మామూలు గొంతుతో మాట్లాడితే వినిపించేంత శబ్దం చాలు. బిడ్డ గుండె చప్పుడు చూసేటప్పుడు ఆపేయండి.
• పవర్ బ్యాంక్ తీసుకెళ్లండి. వైద్య పరికరాలకు వాడే ప్లగ్గులో ఛార్జర్ పెట్టవద్దు.
• ఇయర్‌ఫోన్స్ శుభ్రంగా తుడిచి, విడిగా ఒక చిన్న కవర్‌లో పెట్టుకోండి.

జాబితా తయారయ్యాక ఇంట్లో ఒకటి రెండు వారాలు అభ్యాసం చేయండి. రాత్రి పడుకునే ముందు ఆ వాద్య సంగీతం పెట్టుకుని, భుజాలు, దవడ వదులు చేసి, నెమ్మదిగా ఊపిరి వదలడం అలవాటు చేసుకోవాలి. అలవాటైన పాటే ఆ రోజు అక్కరకు వస్తుంది.

తోడుగా ఉన్నవారి పని ఏంటి?

తొలి కాన్పు పుట్టింట్లో చేయడం మనకు ఆనవాయితీ కాబట్టి పక్కన ఉండేది ఎక్కువగా అమ్మే. ఆమెకు ఫోన్ వాడకం ముందే నేర్పించండి. ఏ జాబితా ఎక్కడుంది, శబ్దం ఎలా తగ్గించాలి, ఎలా ఆపాలి అనేవి తెలిస్తే చాలు. గర్భిణి మాట్లాడలేని స్థితిలో ఉండవచ్చు కాబట్టి ఒక సైగ పెట్టుకోండి. చెయ్యి ఎత్తితే ఆపేయాలి, అంతే. ‘ఇంతసేపు కష్టపడి చేర్చాం కదా, విను’ అని బలవంతం చేయకూడదు. ఇష్టపడి ఎంచుకున్న పాటే ఆ క్షణాన భరించలేనిదిగా అనిపించడం మామూలే. ఫోన్ పక్కన పెట్టి నడుము రాయడం, మంచినీళ్లు అందించడం, చెయ్యి పట్టుకోవడం అప్పుడు మేలు.

సిజేరియన్ అయితే?

అదే సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5 శాతం. కాబట్టి మన దగ్గర ఈ ప్రశ్న చాలామందికి వర్తిస్తుంది. నడుముకు మత్తు ఇచ్చి చేసే సిజేరియన్‌లో తల్లి మెలకువగానే ఉంటుంది. ఆపరేషన్ పరికరాల చప్పుడు, సిబ్బంది మాటలు వినిపిస్తుంటాయి. కొందరికి అవి భయం కలిగిస్తాయి. ముందే తేదీ ఖరారైన సిజేరియన్ అయితే మత్తు డాక్టర్‌ను పాటల గురించి అడగండి. థియేటర్లోకి సొంత వస్తువులు తేవొద్దని అనవచ్చు. అలాంటప్పుడు ఆపరేషన్‌కు ముందు వేచి ఉండే సమయంలో, తర్వాత వార్డులో వినొచ్చు. అత్యవసర సిజేరియన్‌లో ప్రతి నిమిషమూ విలువైనదే. అప్పుడు పాట గురించి పట్టుబట్టవద్దు.

‘ఈ సంగీతం వింటే బిడ్డకు తెలివి’ అనేది నిజమా?

ఆ పేరుతో డబ్బులు కట్టించుకునే యాప్‌లు, కోర్సులు చాలా ఉన్నాయి. ‘మొజార్ట్ ఎఫెక్ట్’గా పేరుపడిన 1993 నాటి పరిశోధన గర్భిణుల మీదో, పసిపిల్లల మీదో చేసింది కాదు. కాలేజీ విద్యార్థులపై చేసింది. అందులో కనిపించిన ప్రభావం కూడా పది పదిహేను నిమిషాలకు మించలేదు. పొట్టకు హెడ్‌ఫోన్స్ పెట్టాల్సిన పని కూడా లేదు.

బిడ్డకు బాగా తెలిసిన గొంతు మాత్రం ఒకటుంది. అది తల్లిది. పుట్టి మూడు రోజులు కూడా నిండని శిశువులు ఇతర మహిళల గొంతు కంటే తల్లి గొంతు వినడానికే మొగ్గు చూపుతారని 1980లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. కాబట్టి డబ్బు కట్టి కొన్న ఆడియో కంటే మీ కూనిరాగమే మేలు. అనుమతి దొరక్కపోయినా, ఫోన్ ఛార్జింగ్ అయిపోయినా అది మీ వెంటే ఉంటుంది. నొప్పి వచ్చినప్పుడు నోరు మూసుకుని ‘మ్‌మ్’ అని దీర్ఘంగా పలకడం ఊపిరిని నెమ్మదిగా వదలడానికి కూడా పనికొస్తుంది.

అనుమతి ఇవ్వకపోతే?

పాటలకు కుదరదంటే వాదనకు దిగవద్దు. తోడును కూడా రానివ్వకపోతే మాత్రం కారణం అడగండి. గదిలో రద్దీ, ఇన్ఫెక్షన్ భయం వంటివి చెప్పవచ్చు. అందుకు వారి దగ్గర సహేతుకమైన కారణం లేకపోతే ఆర్‌ఎంఓ లేదా సూపరింటెండెంట్‌తో మాట్లాడమని బయట ఉన్న కుటుంబసభ్యులకు చెప్పండి. నొప్పులు పడుతున్న మహిళ ఆ భారం మోయకూడదు. తిట్టడం, చెయ్యి చేసుకోవడం, డబ్బులు అడగడం వంటివి జరిగితే కాన్పు తర్వాత రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. ‘సుమన్’ కింద ఫిర్యాదులకు 104 నంబర్ ఉంది. జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్, మందులు, పరీక్షలు, భోజనం అన్నీ ఉచితం.

పాట ఆపి వెంటనే కదలాల్సిన సందర్భాలు

ఇంట్లో పాటలు వింటూ నొప్పులు ఓర్చుకోవడం తొలి దశలో ఫర్వాలేదు. కానీ కింది వాటిలో ఏది కనిపించినా 108కు ఫోన్ చేయాలి. ఆసుపత్రిలో ఉంటే నర్సును పిలవాలి.

• రక్తస్రావం
• ఉమ్మనీరు పోవడం, ముఖ్యంగా అది పచ్చగా ఉంటే
• బిడ్డ కదలికలు తగ్గడం
• తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్
• జ్వరం
• నొప్పి విరామం లేకుండా ఒకే తీరుగా ఉండిపోవడం

నెలలు నిండకముందే నొప్పులు మొదలైనా, ఇదివరకు సిజేరియన్ అయి ఉన్నా, కవలలు ఉన్నారని తెలిసినా ఇంట్లో ఆగకూడదు. నొప్పులు మొదలవగానే బయల్దేరాలి.

ఈ వారం చేయాల్సిన పనులు మూడే. పక్కన ఎవరు ఉండాలో మీరే నిర్ణయించుకోండి. తర్వాతి చెకప్‌లో తోడు గురించి, ఫోన్ గురించి అడిగి రాసుకోండి. ఈ రాత్రి నుంచి పాటల జాబితా మొదలుపెట్టండి.